గదులు అద్దెకిచ్చిన మనమే సాక్షులం
(పటాన్‌చెరు ప్రాంత మసీదు కమిటీలు, గదుల యజమానులు, కార్మిక సంఘాల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 

వలస వచ్చిన వారిని ప్రభుత్వం ఏ కంటితో చూస్తున్నది, పోలీసులు ఏ పద్ధతిలో తనిఖీ చేస్తున్నారు అన్నది నేటి చర్చాంశం. ఇది ఢిల్లీ సంగతి, అస్సాం సంగతి, పటాన్‌చెరులో దీనితో మనకేమి పని అని ఈ సభ ఏర్పాటు చేస్తున్నప్పుడు కొందరు పెద్దలు అడిగారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు ఒకరిద్దరు నవ్వారు కూడా. వారిని తప్పు పట్టడానికి మాకు నోరు లేదు. ఎందుకంటే 2025 వర్షాకాలంలో మన వాళ్ళలోనే ఒక గదుల యజమాని ముర్షిదాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని రెండు రోజుల గడువిచ్చి ఖాళీ చేయించారు. ఆ కుటుంబం అద్దె బాకీ లేదు, గొడవ చేయలేదు. బెంగాలీ మాట్లాడారు, అంతే. ఆ సంగతి మాకు ముందుగానే తెలుసు. అయినా ఆ యజమాని ఇంటికి వెళ్ళి ఒక్క మాట అడగలేదు. ఈ ప్రసంగం అక్కడినుంచే మొదలు కావాలి.

రామచంద్రాపురం నుంచి సదాశివపేట దాకా ముంబై రహదారికి ఇరువైపులా, బొల్లారం, గడ్డపోతారం, పాశమైలారం వాడల్లో నడుస్తున్న కర్మాగారాలు ఎవరి చేతుల మీద నడుస్తున్నాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. బీహార్, జార్ఖండ్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ బిడ్డలు ఇస్నాపూర్ రేకుల గదుల్లో నలుగురైదుగురు కలిసి వంతులవారీగా పడుకుంటారు. ఆ గదులు మనవి, అద్దె మనది, కిరాణా దుకాణం మనది. జుమా నాడు మన వెనుక వరుసలో నిలబడేదీ వారే.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచీ కర్మాగారంలో పేలుడు జరిగింది. మాత్రల తయారీలో వాడే సెల్యులోజ్ పొడిని తయారుచేసే చోటు అది. 54 మంది చనిపోయారు. వారిలో 8 మంది ఆనవాళ్ళే దొరకలేదు. కొన్నాళ్ళు ఎదురుచూసి, వారూ మరణించినట్లేనని అధికారులు చెప్పవలసి వచ్చింది. మిగిలిన వారిలో అనేకులను గుర్తించడానికి తల్లిదండ్రుల నుంచి, తోబుట్టువుల నుంచి రక్త నమూనాలు తీసుకొని డీఎన్ఏ పరీక్షలు జరిపారు. పటాన్‌చెరు ప్రభుత్వ ఆసుపత్రి ముందు ఆ రోజుల్లో మనలో చాలామందిమి నిలబడ్డాము, నీళ్ళు పంచాము, హిందీ రాని తల్లికి బంధువు దొరికే దాకా తోడున్నాము. అక్కడ మృతదేహం కన్నా ముందు అందరూ వెతికినది జాబితా. ఆ ఉదయం లోపల ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు మొదటి రోజుల్లో ఒక్క స్థిరమైన అంకె రాలేదు. చనిపోయిన వారిలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. లెక్కలో లేకపోవడంలో మాత్రం అందరూ సమానమే.

ఈ లెక్క రాయడం ఎవరి పని? 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. 5 మందికి మించకుండా తెచ్చినా సరే, అయిదుగురు ఉన్నారంటే చాలు, ఆ చట్టం వర్తించేది. కార్మికుని తెచ్చే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండవలసి ఉండేది. తెచ్చిన 15 రోజుల్లోగా అతని వివరాలను సొంత రాష్ట్రానికీ, పనిచేసే రాష్ట్రానికీ తెలపవలసి ఉండేది. ఫోటో అంటించిన పాసుపుస్తకం అతని చేతికివ్వవలసి ఉండేది. ప్రాణాపాయం జరిగితే రెండు రాష్ట్రాల అధికారులకూ, వారసులకూ కబురు చేయవలసి ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఈ 5ను 10 చేసింది. ఆ పాత చట్టం నాలుగు దశాబ్దాలకు పైగా అమలులో ఉండింది. మేము ఇస్నాపూర్‌లో తిరిగిన గదుల్లో ఆ పాసుపుస్తకం చూసినవారు ఒక్కరు కూడా ఎదురుపడలేదు.

రాయడం చేతకాదా అంటే, చేతనవును. 2020 ఏప్రిల్ 29న కంది వద్ద ఐఐటీ ప్రాంగణంలో నిర్మాణ కార్మికులు జీతాల కోసం, ఇల్లు చేరడం కోసం రోడ్డెక్కారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. రెండు రోజులు తిరగకముందే, మే 1 తెల్లవారుజామున, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు 1,200 మందికి పైగా కార్మికులతో రైలు కదిలింది. లాక్‌డౌన్ కాలంలో దేశంలో నడిచిన మొట్టమొదటి శ్రామిక రైలు అదే. రాత్రికి రాత్రి పేర్లు రాశారు, పరీక్షలు చేశారు, బస్సులెక్కించారు. తలచుకున్న నాడు మన జిల్లాలోనే ఆ పని జరిగింది.

కార్మికుని పేరు తాను రాయవలసి ఉండగా రాయని ప్రభుత్వమే ఇప్పుడు అతన్ని నీ పేరు ఏమిటి, నీ దేశమేది, కాగితం చూపు అంటున్నది. 2025 మే నెలలో కేంద్ర హోంశాఖ బంగ్లాదేశ్, మయన్మార్ వాసులన్న అనుమానం ఉన్నవారి వివరాలు 30 రోజుల్లో తేల్చమని రాష్ట్రాలను ఆదేశించింది. తరువాత ఏమి జరిగిందో పత్రికలు చూసినవారికి తెలుసు. ఒడిశాలోని ఝార్సుగూడలో 444 మందిని పట్టుకొని నిర్బంధించారు. గురుగ్రామ్‌లో సామాజిక భవనాలే నిర్బంధ కేంద్రాలయ్యాయి. మే 7 నుంచి జూన్ 15 వరకు 1,500 మందికి పైగా ముస్లిం స్త్రీ పురుషులను, పిల్లలను బంగ్లాదేశ్‌లోకి పంపివేశారని అక్కడి సరిహద్దు దళాన్ని ఉటంకిస్తూ హ్యూమన్ రైట్స్ వాచ్ ప్రకటించింది. బీర్భూమ్ జిల్లాకు చెందిన ఒక గర్భిణిని ఢిల్లీలో పట్టుకొని, భర్తతో, కొడుకుతో సహా జూన్ నెలలో సరిహద్దు దాటించారు. సెప్టెంబరు 26న కలకత్తా హైకోర్టు వెనక్కు తెమ్మన్నది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. చివరికి డిసెంబరులో మానవతా దృష్టితో అని చెప్పి ఆమెను, కొడుకును రానిచ్చారు. ముందు పంపి తరువాత విచారించే పద్ధతికి ఆ తల్లి అయిదు నెలలకు పైగా మూల్యం చెల్లించింది.

దొంగ కాగితాలతో సరిహద్దు దాటివచ్చిన వారిని చట్ట ప్రకారం విచారించే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. దానిని మేము కాదనడం లేదు. దొంగ ఆధార్ చేయించే దళారీని మన గల్లీలో దాచిపెట్టమని ఈ సభ అడగదు. మా ప్రశ్న వేరు. అసలు ఏ కాగితం చూపిస్తే చాలు? ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే అంటున్నది. ఓటరు కార్డు, పాన్ కార్డు కూడా చాలవని 2025 ఆగస్టులో బొంబాయి హైకోర్టు చెప్పింది. పౌరసత్వ చట్టం ప్రకారం 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవారికి ఒక నియమం, ఆ తరువాత 2004 డిసెంబరు 3కి ముందు పుట్టినవారికి మరొకటి, అటు తరువాత పుట్టినవారికి ఇంకొకటి. మొదటి దానిలో పుట్టుక చాలు. రెండవ దానిలో తల్లిదండ్రులలో ఒకరైనా పౌరులై ఉండాలి. మూడవ దానిలో ఒకరు పౌరులైతే చాలదు, రెండవవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. పాశమైలారంలో పన్నెండు గంటల డ్యూటీ దిగివచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రవాడు తన తల్లిదండ్రుల పత్రాలు ఎక్కడినుంచి తెస్తాడు?

పేర్ల సంగతి మరీ చిత్రం. బెంగాల్‌లో పెళ్ళికి ముందు ఖాతూన్ అయిన ఆడపిల్ల పెళ్ళయ్యాక బీబీ అవుతుంది. రెండు కార్డుల్లో రెండు పేర్లు. ఇది వింతగా తోస్తే మన ఇళ్ళలోని కార్డులు తీసి చూడండి. ఒకదానిలో బీ, మరొకదానిలో బేగం. తండ్రి షేక్, కొడుకు శేఖ్, రేషన్ కార్డులో ఇంకేదో. దూదేకుల సోదరుల ఇళ్ళలో ఒకే మనిషికి రెండు మతాల పేర్లున్న కార్డులూ ఉన్నాయి. 2024 జూలై 11న అస్సాం కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు రెండు మాటలు స్పష్టం చేసింది. అక్షరాల తేడా, తేదీల చిన్న తేడా పట్టుకొని మనిషిని విదేశీయుడనరాదు. రుజువు భారం అతనిదే అయినా, ముందుగా అధికారుల చేతిలో అనుమానానికి ఏదో ఒక ఆధారం ఉండాలి. 2025 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టంలోనూ రుజువు భారం ఆ మనిషి మీదనే ఉన్నది. అదే రోజు వచ్చిన ఉత్తర్వులో పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి 2024 డిసెంబరు 31లోగా వచ్చిన ఆరు మతాల వారికి శిక్షల నుంచి మినహాయింపునిచ్చారు. ఆ ఆరింటిలో ఇస్లాం లేదు.

ఇదంతా బెంగాలీల బాధ అనుకునేవారు హైదరాబాద్ వైపు చూడాలి. 2020 ఫిబ్రవరిలో అక్కడి ఆధార్ ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులు పంపింది. పౌరసత్వ పత్రాలు తీసుకొని విచారణకు రమ్మన్నది. పోలీసుల నివేదిక వచ్చినందున పంపామని, ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని ఆ సంస్థే తరువాత వివరణ ఇచ్చుకున్నది. ఇంకా వెనక్కు వెళితే 1948 ఉన్నది. పోలీసు చర్య తరువాత సైనిక ప్రభుత్వం అరబ్బులను, పఠాన్లను విదేశీయులని నిర్బంధించింది, చాలామందిని దేశం దాటించింది. వారిలో ఇక్కడే పుట్టి, దక్కనీ తల్లుల పాలు తాగి పెరిగినవారు ఎందరో. మన తాతల కాలం నాటి మాట అది.

బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యాల సంగతి క్లుప్తంగా చెబుతాము. వారు పౌరులమని అనడం లేదు, ప్రాణభయంతో వచ్చామంటున్నారు. 1951 శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. అందువలన ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డుకు ఇక్కడ గట్టి చట్టబలం లేదు. అయితే రాజ్యాంగం 21వ అధికరణం పౌరుడికే అనలేదు, ఏ వ్యక్తికైనా అన్నది. 1996లో అరుణాచల్ ప్రదేశ్ చక్మాల కేసులో సుప్రీంకోర్టు దానినే నిలబెట్టింది. ముహాజిర్లకు ఇంట్లో సగం పంచిన మదీనా అన్సార్ల కథ ప్రతి ఏటా వింటున్నాము గనుక ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన గదుల మాట. విదేశీయులకు వసతి ఇచ్చేవారు వివరాలు తెలపాలని కొత్త చట్టం అంటున్నది. ఆ భయంతోనే యజమానులు బెంగాలీ మాట వినగానే ఖాళీ చేయమంటున్నారు. బెంగాలీ మాట్లాడినంత మాత్రాన విదేశీయుడు కాడు. గది ఇచ్చేటప్పుడే కాగితాల నకలు, ఊరి చిరునామా, ఇంటివారి ఫోను నంబరు, పంచాయతీ సభ్యుని నంబరు రాసి ఉంచుకుంటే రేపు పోలీసులు వచ్చిన రాత్రి అతని తరఫున మాట్లాడగలిగేది మనమే. ఆ పుస్తకం అతన్ని కాపాడడానికి. అతని మీద చాడీలు మోయడానికి వాడితే అది పాపం.

కార్డన్ సెర్చ్ జరిగినప్పుడు తగాదా వద్దు. ఎవరిని తీసుకువెళుతున్నారు, ఏ స్టేషనుకు, ఎందుకు అని అడగండి, సమయం రాసుకోండి. అరెస్టయితే కారణం చెప్పాలి, బంధువుకు తెలపాలి, న్యాయవాదిని కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలపాలి. సాక్ష్యం కోసమని ఆడవారిని, 60 ఏళ్ళు దాటినవారిని స్టేషనుకు రమ్మనడానికి వీలు లేదు, వారి ఇంటివద్దనే అడగాలి. కొత్త నాగరిక సురక్షా సంహితలో ఇవన్నీ ఉన్నాయి. 24 గంటలు దాటితే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు. బీర్భూమ్ కుటుంబం కోసం ఆ తండ్రి వేసినది అదే. ఆలస్యం చేస్తే మనిషి సరిహద్దుకు చేరిపోతాడు గనుక మొదటి రాత్రే న్యాయవాదికి ఫోను చేయాలి. కర్మాగారం కాంట్రాక్టరు వద్ద కూడా హాజరు పట్టీ నకలు అడగాలి. ఆ పట్టీయే అతని సాక్ష్యం, ప్రమాదం జరిగితే అదే అతని ఇంటివారికి పరిహారం.

ఖాళీ చేయించిన ఆ కుటుంబం ఇప్పుడు ముత్తంగి వైపు ఒక గదిలో ఉన్నది. మేము వెళ్ళి క్షమాపణ అడిగాము. ఇంటాయన కాగితాలను ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకున్నాడు. తడవకుండా, ఎలుకలు కొట్టకుండా. వాటి నకళ్ళు మొదటిసారి మన కమిటీ పుస్తకంలోకి వచ్చాయి.

ఇస్నాపూర్, పాశమైలారం, ముత్తంగి వైపు గదులున్న యజమానులు సభ ముగిశాక కాసేపు ఆగండి. ఖాళీ ఫారాలు వాకిలి దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఇద్దరు న్యాయవాదులు అక్కడే కూర్చుంటారు.