కారు పక్క అద్దం పగిలితే...

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇంట్లో అద్దం పగిలితే అరిష్టమని మన పెద్దవాళ్ళు భయపడేవారు. ఇప్పుడు కారు పక్క అద్దం పగిలితే భయపడవలసింది బిల్లుకే. మన సందులు చూశారుగా! అటు కూరగాయల బండి, ఇటు ఎవరో నిలిపి వెళ్ళిన కారు, మధ్యలో ఆటో. కారు ఎలాగో దూరిపోతుంది గాని, చెవుల్లా బయటికి నిక్కి వున్న అద్దాలే తగులుతాయి. టప్‌మని చప్పుడు, అంతే. దిగి చూస్తే అద్దం వైరు పట్టుకుని వేలాడుతూ వుంటుంది.

ఈ అద్దానికీ ఆడవాళ్ళకీ పాత చుట్టరికమే వుందండోయ్. ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అని ఒకావిడ, కార్ల పందేలలో పేరు తెచ్చుకున్న ధీరురాలు, 1909లో ఆడవాళ్ళూ కారూ అనే విషయం మీద ఓ పుస్తకం రాసింది. బండి నడిపేటప్పుడు చేతి అద్దం ఒకటి దగ్గర పెట్టుకోండి, అప్పుడప్పుడు ఎత్తి పట్టుకుంటే వెనక వచ్చేవాళ్ళు కనపడతారు అని అందులో సలహా చెప్పింది. ఆ చేతి అద్దం పగిలితే ఇంకోటి కొనుక్కుంటే సరిపోయేది. మన దేశంలోనూ పాత కార్లలో చాలావాటికి ఎడమవైపు అద్దమే వుండేది కాదు. వున్న కుడి అద్దాన్నయినా చేత్తో తిప్పుకోవలసిందే.

ఇప్పటిది అద్దం కాదు, ఓ చిన్న యంత్రం. ముందు అద్దం బిళ్ళ, దాని వెనక క్లిప్పులున్న ప్లాస్టిక్ పళ్ళెం, దాన్ని అటూ ఇటూ తిప్పే మోటారు, మొత్తాన్ని మడిచే ఇంకో మోటారు, మలుపు దీపం, ఇవన్నీ ఇమిడే డొప్ప, డొప్ప మీద కారు రంగు వేసిన మూత. ఖరీదయిన కార్లలో కెమెరా కూడా అక్కడే. అందుకే ఒక కారుకి వందల్లో తేలిపోయే పని మరో కారుకి వేలల్లోకి, కొన్నిటికి పదివేలు దాటి పోతుంది.

కాబట్టి షెడ్డుకి వెళ్ళకముందే విరిగింది ఏమిటో మనమే చూసుకోవాలి. బిళ్ళ ఒక్కటే పగిలిందా? స్విచ్చి నొక్కితే మోటారు కదులుతోందా? దీపం వెలుగుతోందా? ఈ రెండూ పనిచేస్తూ బిళ్ళ మాత్రమే పోతే, చాలా కార్లకు బిళ్ళ విడిగా దొరుకుతుంది. వెనక క్లిప్పులకు నొక్కి బిగించేదే గనుక పని పావుగంటలో అయిపోతుంది. మూత ఒక్కటే పోతే మూతే కొనుక్కోవచ్చు. రంగు వేసినదా, వేయనిదా అని అడగండి, లేకపోతే పెయింటరు కూలి వేరే పడుతుంది. కొందరు మెకానిక్కులు చూడకుండానే, "విడిగా రాదమ్మా, సెట్టు మొత్తం మార్చాల్సిందే" అంటారు. కొన్ని కార్లకు అది నిజమే. అన్నిటికీ కాదు. "ఆ మాట ఎస్టిమేటు కాగితం మీద రాసివ్వు నాయనా" అని అడిగి చూడండి, ఒక్కోసారి వచ్చేస్తుంది.

సెట్టు మొత్తం మారిస్తే మాత్రం పాతది వదిలిపెట్టి రావద్దు. అందులో బాగున్న మోటారు రేపు ఎవరికయినా పనికొస్తుంది, మనకే కావచ్చు. సికిందరాబాదు రాణీగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ విడిభాగాల దుకాణాలు బోలెడు. కంపెనీ సరుకు, కంపెనీది కానిది, పాత బండి నుంచి ఊడదీసినది మూడూ బజారులో వుంటాయి. ఊడదీసినదాన్ని నేను తప్పుపట్టను. కాని ప్లగ్గులో ఎన్ని వైర్లున్నాయో మన పాత ముక్కతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మడత మోటారు వున్నదానికీ లేనిదానికీ పైకి తేడా తెలియదు. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు విడిభాగాల మీద జి.ఎస్.టి. 18 శాతమే. పాత అలవాటు కొద్దీ 28 వేస్తే బిల్లు వెనక్కి తిప్పి ఇవ్వండి.

రోడ్డు పక్క అద్దాల కొట్లో మామూలు అద్దం ముక్క కోయించి అంటించుకునేవాళ్ళూ వున్నారు. చవకే, కాదనను. అయితే ఎడమ అద్దం సాధారణంగా కొంచెం ఉబ్బెత్తుగా వుంటుంది. అందువల్ల వెనక రోడ్డు ఎక్కువ మేర కనపడుతుంది, వచ్చే బండి చిన్నగా, దూరంగా వున్నట్టు అనిపిస్తుంది. అక్కడ చదును అద్దం పెడితే పక్కనే వస్తున్న స్కూటరు అసలు కనపడకపోవచ్చు. బొట్టు దిద్దుకునే అద్దంతో రోడ్డు చూడకండి.

"బీమా వుందిగా, వాళ్ళే ఇస్తారు" అంటారు మగవాళ్ళు ధీమాగా. లెక్క వేసి చూద్దాం. చిన్న కారు, బిల్లు 5,000 రూపాయలు అయిందనుకోండి. అందులో ప్లాస్టిక్ భాగాలు 4,000, అద్దం 400, కూలి 600. మామూలు పాలసీలో ప్లాస్టిక్‌కి సగమే ఇస్తారు, అంటే 2,000 మన నెత్తిన. అద్దానికి కోత లేదు. 1500 సి.సి. వరకు వున్న కారుకి ప్రతి క్లెయిములోనూ మొదటి 1,000 మనమే భరించాలి. అంతకు మించితే 2,000. కాగా పోగా మన చేతికొచ్చేది 2,000. ఇక పోయేది చూడండి. మూడేళ్ళుగా క్లెయిమే చేయకపోతే స్వంత నష్టం ప్రీమియంలో 35 శాతం తగ్గింపు వుంటుంది. ఈ ఏడూ చేయకపోతే 45 అవుతుంది. ఆ ప్రీమియం 9,000 అనుకుంటే వచ్చే ఏడు 4,050 మిగలాలి. క్లెయిము చేశారో, ఆ తగ్గింపు సున్నా. ఆ పై ఏడు మళ్ళీ 20 నుంచి మొదలు. రెండు వేల కోసం నాలుగు వేలు! జీరో డిప్రిసియేషన్ పాలసీ వుంటే ప్లాస్టిక్ కోత వుండదు, 4,000 వస్తాయి. అయినా తగ్గింపు పోవడం పోవడమే. అది పోకుండా విడిగా కట్టుకునే ఏర్పాటు మీ పాలసీలో వుందేమో చూసుకోండి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే వుంటే మన కారుకి పైసా రాదు. కెమెరా వున్న పెద్ద అద్దం పోతే, దానితోపాటు తలుపు కూడా సొట్టపడితే, అప్పుడు క్లెయిము మాట ఆలోచించవచ్చు.

ఇంతకీ నన్ను ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు మొదట గుర్తొచ్చింది బిల్లు కాదు, మా వీధిలో ఒక డ్రైవరు. నెలకు 16,000 జీతం. ఎదురుగా వచ్చిన బస్సు రాసుకుపోయి కుడి అద్దం ఊడింది. 8,500 అయింది. బస్సు ఆగలేదు. ఇంటావిడ, నేను పిన్నిగారు అని పిలుస్తాను, నెలకు రెండు వేల చొప్పున అతని జీతంలోంచి పట్టుకోవడం మొదలుపెట్టింది.

"పిన్నిగారూ, మిక్సీ కాలిపోతే వంటావిడ జీతంలో కోస్తామా?" అన్నాను.

"అది వేరమ్మా. వీడు చూసి నడపాలిగా?"

"ఆ పూట పెళ్ళికి ఆలస్యమయిందని వెనక సీట్లోంచి పోనీ, పోనీ అంది ఎవరు?"

ఆవిడ మాట్లాడలేదు. మీకు కోపం రావచ్చు గాని, నాకు తోచింది చెబుతాను. రోజూ రోడ్డెక్కే వస్తువుకి దెబ్బ తగలడం దాని ఖర్చులో భాగమే. పెట్రోలు లాగే, టైర్లు లాగే. తాగి నడిపితే, మాట వినకుండా నడిపితే అది వేరు. మన తొందరకు నడిపినవాడి మీద మన ఖర్చు వేయడం న్యాయం కాదు. ఎనిమిదిన్నర వేలంటే అతనికి సగం నెల తిండీ, అద్దే, పిల్లవాడి ఫీజూను. మనకు కూడా ఎక్కువే, ఒప్పుకుంటాను. అందుకే నెలకింత అని కారు మరమ్మతులకు ఓ డబ్బాలో వేసి వుంచితే ఎవరి జీతం మీదా కన్ను పడదు.

రెండు నెలలు కోసిన తరువాత పిన్నిగారు ఆపేసింది. మూడో నెల ఆ నాలుగు వేలూ తిరిగి ఇచ్చేసింది కూడాను. అతను లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడట. ఇప్పుడు మా సందు మొదట్లోనే బండి నెమ్మది చేసి, స్విచ్చి నొక్కి రెండు అద్దాలూ మడిచి మరీ లోపలికి తెస్తున్నాడు. వెనక సీట్లోంచి పోనీ అనే మాట వినిపించడం లేదని చెప్పాడు.