జొన్నరొట్టె – మనస్సు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మెట్రిక్ వరకే చదివిన రైల్వే గుమాస్తాను. శాస్త్రవిషయం మాట్లాడమని కార్యదర్శిగారు అన్నప్పుడు జంకాను. కాని ఈ విషయానికి మా ఇంటితో సంబంధం ఉన్నది. అందుకే నిలబడ్డాను.

మా నాయనమ్మకు ఒక చెల్లెలు ఉండేదట. మూడు పూటలా జొన్నలు తప్ప వేరు తిండి ఎరుగని ఇల్లు. ఒక ఏడు ఆమె మెడచుట్టూ, ముంజేతులమీద చర్మం నల్లబడి పొలుసులు లేచింది. విరేచనాలు పట్టుకున్నాయి. తరువాత మాట తగ్గింది; ఊరకే ఏడ్చేది. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు. చివరకు పుట్టింట దింపి వెళ్ళారు. "దాన్ని పిచ్చిదన్నాం రా" అని నాయనమ్మ కళ్ళు తుడుచుకొనేది.

అది ఏ జబ్బో నిశ్చయంగా చెప్పగలవారు నేడు లేరు. కాని పెల్లాగ్రా అనే జబ్బు లక్షణాలు సరిగ్గా ఇవే. చర్మం, కడుపు, ఆపైన మనస్సు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఈ రోగులు ఎందరో పిచ్చాసుపత్రులలో ఉండేవారు. 1914లో పని మొదలుపెట్టిన గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు ఇది అంటువ్యాధి కాదు, తిండిలోపమని చూపించాడు. 1937లో ఎల్వెహ్యెం ఆ లోపించినది నికోటినిక్ ఆమ్లమని కనుగొన్నాడు.

అక్కడ మొక్కజొన్న తినేవారికి వచ్చింది. మన దక్కనులో జొన్న తినే పేదలకు వచ్చింది. 1960లో హైదరాబాదు పోషకాహార పరిశోధనశాల నుండి గోపాలన్‌గారు, శ్రీకంఠియాగారు జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ ఇందుకు కారణమని 'లాన్సెట్' పత్రికలో వ్రాశారు. తరువాత దానిపై వాదోపవాదాలు జరిగాయి.

అదే సంస్థలో డాక్టరు కమలా కృష్ణస్వామిగారు పనిచేశారు. ఆమె పత్రాలలో రెండింటి సంగతి చెబుతాను. 1968లో ఇతరులతో కలిసి పెల్లాగ్రా రోగుల మెదడు విద్యుత్తరంగాలమీద వ్రాశారు. 1970లో రమణమూర్తిగారితో కలిసి ఆ రోగుల మనోవికారాలను, రక్తంలోని సెరటోనిన్‌ను జతచేసి పరిశీలించారు. పత్రం పేరులో మనస్సు ఉన్నది. అచ్చయినది వైద్యరసాయన పత్రికలో! మనం రెండు శాస్త్రాలని గీత గీస్తాము. రోగి శరీరంలో ఆ గీత లేదు.

మన యార్డు భాషలో చెబుతాను. పప్పులు, పాలు, గుడ్లు, మాంసంలో ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉంటుంది. వచ్చిన వాగన్లను రెండు లైన్లకు మళ్ళించినట్లు, శరీరం దానిలో కొంత నికోటినిక్ ఆమ్లంగాను, కొంత సెరటోనిన్‌గాను మార్చుకుంటుంది. ఈ రెండవది మెదడులో నరాల మధ్య వార్తలు మోసే పదార్థాలలో ఒకటి. వాగన్లే రాకపోతే ఏ లైనులో ఏమి ఉంటుంది?

ఇక్కడ సాస్తిలో మరాఠీవారు భాకరీ అంటారు, మనం జొన్నరొట్టె అంటాము, పిండి ఒకటే. జొన్నను నిందించను. దానికి తోడుగా పప్పు, పల్లీలు, పాలు ఉండాలంటున్నాను. ప్రతి మనోవ్యాధి తిండివల్లనే వస్తుందనీ అనను. కాని మన ఇళ్ళలో అందరికీ వడ్డించి చివర తినేది ఎవరు? అడుగున మిగిలిన ఎండురొట్టె ఎవరి వంతు? ఆమె మాట మానితే, ఊరకే కంటనీరు పెడితే, దయ్యమనకండి, గయ్యాళి అనకండి. డాక్టరు వద్దకు తీసుకొనిపోండి. ముందుగా ఆమె కంచంలోకి చూడండి.

మా చిన్ననాయనమ్మ కంచంలోకి ఎవరూ చూడలేదు. ఈ మాట చెప్పుకొనడానికే వచ్చాను. సెలవు.