సూది ముందు తన ఒంట్లోకి
(శేరిగూడలో ఇచ్చిన హాఫ్కిన్ స్మారకోపన్యాసం)



మన తాత ముత్తాతల నాటి పల్లెల్లో గత్తర (కలరా) తగిలిందంటే పొద్దున నాగలి కట్టినవాడు పొద్దుగూకేసరికి పాడె ఎక్కేవాడు. ప్లేగు వచ్చిందంటే ఇళ్లకు తాళాలేసి చేన్లలో గుడిసెలు వేసుకునేవారు. పోచమ్మకు బోనమెత్తేవారు, ఊరి పొలిమేరల్లో సాక పోసేవారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల వెనుక కూడా 1813 నాటి మహమ్మారి కథే ఉందని మన పెద్దలు చెబుతారు. ఆ జబ్బులకు సూదితో అడ్డుకట్ట వేయాలని ఈ దేశానికి వచ్చినవాడు వాల్డెమార్ మొర్దెకై హాఫ్కిన్. ఆయన మతానికి యూదుడు. చదువుకు జంతుశాస్త్రవేత్త. వైద్య పట్టా లేదు. ఈ రెండు సంగతులూ ఆయన బతుకంతా వెంటాడాయి.

1860లో ఒడెస్సాలో పుట్టాడు. అప్పుడది రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. యూదుల ఇళ్ల మీద అల్లరిమూకలు పడ్డప్పుడు ఆత్మరక్షణ దళంలో నిలబడి అరెస్టయ్యాడు. ఆయన గురువు మెచ్నికోవ్ పలుకుబడితో బయటపడ్డాడు. మతం మారితే విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవికి దారి తెరుచుకునేది. మారలేదు. 1888లో దేశం వదిలి జెనీవాకు, అక్కడి నుంచి పారిస్‌కు వెళ్లాడు. పాశ్చర్ సంస్థలో దొరికింది గ్రంథాలయంలో సహాయకుడి ఉద్యోగం. పుస్తకాలు సర్దుతూ, మిగిలిన సమయంలో కలరా క్రిములను పెంచాడు.

1892 జులై 18న తాను తయారుచేసిన కలరా టీకా మందును మొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ తర్వాతే స్నేహితులకు వేశాడు. రష్యా ఆ టీకాను వద్దంది. అప్పట్లో పారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న లార్డ్ డఫ్రిన్ అంతకుముందు మన దేశానికి వైస్రాయ్‌గా చేసినవాడు. ఆయన చొరవతో హాఫ్కిన్ 1893లో కలకత్తాలో దిగాడు.

కలకత్తా బస్తీల్లో మొదట రాళ్లు పడ్డాయి. జనాన్ని తప్పుపట్టలేం. తెల్లదొర సూది పట్టుకుని వస్తే నమ్మడానికి వాళ్లకేం కారణముంది? హాఫ్కిన్ పోలీసులను పిలవలేదు. అందరూ చూస్తుండగా చొక్కా ఎత్తి తనకే సూది వేయించుకున్నాడు. వెంట ఉన్న భారతీయ వైద్యులు చౌధురి, ఘోష్, చటర్జీ, దత్ జనంతో వాళ్ల భాషలో మాట్లాడారు. 1894లో కట్టల్ బాగాన్ బస్తీలో ఉన్న సుమారు 200 మందిలో 116 మంది ముందుకొచ్చారు. తర్వాత ఆ బస్తీలో పది మందికి కలరా సోకి ఏడుగురు పోయారు. ఆ పదిమందీ టీకా వేయించుకోనివారే. ఒకే చోట, ఒకే నీళ్లు తాగే మనుషుల్లో వేయించుకున్నవారినీ వేయించుకోనివారినీ పక్కపక్కన పెట్టి లెక్క చూడటం ఆయన పద్ధతి. ఆ లెక్క లేకుండా ఎవరినీ నమ్మమని అడగలేదు. ఆ నలుగురు వైద్యుల పేర్లు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లోకి రావాలని నా కోరిక.

మలేరియా తగిలి ఇంగ్లండ్ వెళ్లి, తిరిగి వచ్చేసరికి 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వరండా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. అంతే ఆయన ప్రయోగశాల. మాంసం రసంలో ప్లేగు క్రిములను పెంచాలి. జనం మత విశ్వాసాలు దెబ్బతినకుండా మేకమాంసం వాడాడు. రసం మీద నెయ్యి చుక్కలు తేలేలా వేస్తే, వాటిని పట్టుకుని క్రిములు కిందికి వేళ్లలా దిగేవి. వాటిని వేడిచేసి చంపితే అదే టీకా. 1897 జనవరి 10న 10 సి.సి. మందు మళ్లీ తన ఒంట్లోకే వేసుకున్నాడు. నెలాఖరుకు బైకుల్లా జైల్లో ప్లేగు సోకితే, ముందుకొచ్చిన ఖైదీలకు వేశాడు. ఇస్మాయిలీ ముస్లింల మతగురువు ఆగాఖాన్ అందరి ముందూ తానే టీకా వేయించుకుని, హాఫ్కిన్ పనికి తన భవనమే ఇచ్చాడు.

అదే కాలంలో పుణేలో సర్కారు సిపాయిలు ప్లేగు పేరుతో ఇళ్లలో చొరబడ్డారు. ఆ కోపంలో 1897 జూన్‌లో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. ఒకే జబ్బు మీద ఒకచోట లాఠీ, ఒకచోట మనిషి ఇష్టం. హాఫ్కిన్ ఎప్పుడూ ఆ రెండో దారిలోనే నడిచాడు.

ఇక ముల్కోవాల్. ఇది చెప్పడానికే నేను ఈ సభకు వచ్చాను.

1902 అక్టోబర్ 30న పంజాబ్‌లోని ఆ ఊళ్లో (ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది) 107 మందికి ప్లేగు టీకా వేశారు. ఒకే సీసాలోని మందు వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. విచారణ సంఘం తప్పంతా ప్రయోగశాలదే అంది. కార్బాలిక్ యాసిడ్ కలపడం మానేసి వేడితోనే శుద్ధి చేయడం హాఫ్కిన్ చేసిన మార్పు. ఆ మార్పే నేరంగా కనిపించింది. పదవి పోయింది, జీతం ఆగింది, లండన్ వెళ్లిపోయాడు. ఫ్రాన్స్‌లో డ్రైఫస్ అనే యూదు సైనికాధికారిని తప్పుడు నేరం మీద శిక్షించిన ఉదంతంతో దీన్ని పోల్చినవారున్నారు.

కాగితాలు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. ఆ ఊళ్లో సీసా మూత తీసే పట్టకారు సహాయకుడి చేతిలోంచి నేల మీద పడింది. దాన్ని సరిగ్గా మరగబెట్టకుండా కార్బాలిక్‌లో ముంచి అదే సీసా తెరిచారు. ధనుర్వాతం క్రిమి మట్టిలో ఉంటుంది. వారాల ముందే సీసాలో చేరి ఉంటే తెరిచినప్పుడు దుర్వాసన రావాలి, అది రాలేదు.

మిత్రులారా, ముల్కోవాల్ గురించి మాట్లాడుతూ మన తల్లులను తలవకుండా ఉండలేను. 2022 ఆగస్టులో ఈ శేరిగూడ పక్కనే, ఇబ్రహీంపట్నంలో, ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాత కొన్ని రోజుల్లోనే నలుగురు చనిపోయారు. పసిపిల్లల తల్లులు వాళ్లు. శిబిరాల్లో పనిచేసే ఆశా, ఏఎన్ఎం అక్కలకు నేను చెప్పగలిగింది ఒక్కటే: కిందపడిన పట్టకారును పక్కన పెట్టే అధికారం మీ చేతిలో ఉండాలి, క్యూ ఎంత పొడుగున్నా, లక్ష్యం ఎంత మిగిలినా. అది మీకు ఇవ్వని పైవాళ్లే ముందుగా జవాబు చెప్పాలి.

హాఫ్కిన్ పక్షాన గట్టిగా నిలబడినవాడు మన హైదరాబాద్ నగరానికి తెలిసినవాడే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్. ముల్కోవాల్ జరిగిన 1902లోనే రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1907లో ఆయన, మరికొందరు పేరున్న శాస్త్రవేత్తలు ‘టైమ్స్’ పత్రికకు ఉత్తరం రాశారు. రాస్ స్వయంగా ఇండియన్ మెడికల్ సర్వీస్ మనిషి. తన శాఖ వైద్యులు చిన్నచూపు చూసిన పట్టాలేని యూదుడి కోసం కలం పట్టాడు. బేగంపేటలో ఆయన పని చేసిన ఆ కట్టడం దగ్గరికి విద్యార్థులు వెళ్లినప్పుడు దోమతో పాటు ఈ ఉత్తరాన్నీ గుర్తు చేసుకోవాలి.

సర్కారు చివరికి హాఫ్కిన్‌ను నిర్దోషి అంది. కలకత్తాలో ఉద్యోగం ఇచ్చింది కానీ బొంబాయిలో తాను కట్టిన ప్రయోగశాల తిరిగి దక్కలేదు. పదవీ విరమణ తర్వాత ఐరోపాకు వెళ్లిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. పిల్లలు లేరు. మలివయసులో తన మతం వైపే మరింత జరిగాడు. 1916లో యూదు సంప్రదాయాన్ని సమర్థిస్తూ వ్యాసం రాశాడు, కూడబెట్టిన డబ్బుతో 1929లో తూర్పు ఐరోపాలోని యూదు మత పాఠశాలల కోసం నిధి పెట్టాడు. ఇల్లూ సంసారమూ లేని మనిషి తన సొత్తంతా ఎవరో పిల్లల చదువుకు రాసిచ్చాడు. 1930 అక్టోబర్ 26న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కన్నుమూశాడు. బొంబాయి పరేల్‌లోని ఆ ప్రయోగశాలకు 1925లోనే ఆయన పేరు పెట్టారు. ఆ వార్త ఆయన బతికుండగానే అందింది.