ప్రికాషన్: కుక్క ఉంది జాగ్రత్త

2022 జనవరి 10న మన దేశంలో కోవిడ్ టీకా మూడో డోసు మొదలైంది. చాలా దేశాలు బూస్టర్ అన్నదాన్ని మన ప్రభుత్వం 'ప్రికాషన్ డోసు' అంది.

ఈ మాట పుట్టిల్లు లాటిన్. 'ప్రే' అంటే ముందు, 'కవేరే' అంటే జాగ్రత్తపడటం. రెండూ కలిసి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరాయి. తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టులో ముందే వేసుకునే కేవియట్ కూడా ఈ ఇంటి బిడ్డే.

కవేరేను కళ్లారా చూడాలంటే ఇటలీలోని పాంపేకి వెళ్లాలి. అక్కడ ఒక ఇంటి గుమ్మంలో, చిన్న చిన్న రాళ్లు పొదిగిన నేల మీద, గొలుసుతో కట్టేసిన నల్లకుక్క కనిపిస్తుంది. కింద రెండే మాటలు: 'కవే కానెమ్'. కుక్క ఉంది జాగ్రత్త అని! మన గేట్ల మీది బోర్డుకు ముత్తాత అన్నమాట. పాపం, దొంగలకు జడిసిన ఆ ఇంటిని క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కప్పేసింది. కొండకు కాపలా ఎవరు కాస్తారు?

మన 'జాగ్రత్త' దారి వేరు. సంస్కృతంలో 'జాగ్రత్' అంటే మేలుకొని ఉండటం. ఊరెళ్లేవాళ్లతో పెద్దలు 'మెలకువగా ఉండు' అనేదీ జాగ్రత్త అనే అర్థంలోనే.