తుపాకి ఎవరి చేతిలో ఉంటుంది?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో ఒక కార్యకర్త నన్నొక ప్రశ్న అడిగింది. "అక్కా, ఒంటరిగా ఉండే ఆడవాళ్లు ఇంట్లో పెట్టుకోవడానికి ఎలాంటి తుపాకి మంచిది?" కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే గుండె దడదడలాడే స్త్రీ అడిగే ప్రశ్న అది. భయంలో బతుకుతున్న మనిషికి అహింస గురించి ఉపన్యాసం చెప్పే హక్కు మనకు లేదు. ఆత్మరక్షణ చట్టం గుర్తించిన హక్కు. అత్యాచారం చేయాలని మీద పడినవాణ్ణి, యాసిడ్ పోయబోయినవాణ్ణి ఎదిరించేటప్పుడు తప్పనిసరై వాడి ప్రాణం పోయినా అది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై 1కి ముందు ఐపిసి 100వ సెక్షన్ చెప్పిందీ ఇదే. కాబట్టి ఆ ప్రశ్నకు సూటిగానే సమాధానం వెతుకుదాం.

మన దేశంలో ఆడవాళ్ల కోసమే అంటూ ఒక రివాల్వర్ తయారైంది. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన తర్వాత, 2014 జనవరిలో, కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. నిర్భయను తలపించేలా దానికి 'నిర్భీక్' అని పేరు పెట్టారు. బరువు అర కిలో. హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి అమ్మారు. ధర సుమారు 1 లక్షా 22 వేల రూపాయలు. 2014-15లో మన దగ్గర ఉపాధి హామీ కూలి రోజుకు 169 రూపాయలు. ఒక కూలి స్త్రీ ఏటా 100 రోజుల పని దొరికించుకుని, ఒక్క పైసా తినకుండా ఏడేళ్లు దాచినా ఆ డబ్బు సమకూరదు. స్త్రీలకు రక్షణ కల్పించవలసిన ప్రభుత్వమే రక్షణను సరుకుగా మార్చి, కొనుక్కోగలిగిన వాళ్లు కొనుక్కోండని చెప్పినట్టయింది. మణిపూర్‌లో తుపాకి హింసకు భర్తలను, బిడ్డలను పోగొట్టుకున్న స్త్రీలతో పనిచేసిన బీనాలక్ష్మి నెప్రమ్ వంటివారు అప్పుడే దీన్ని తప్పుబట్టారు.

డబ్బుందనే అనుకుందాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. జిల్లాలో కలెక్టర్, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనర్ ఇస్తారు. 2016 నియమాల ప్రకారం శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ చూపాలి, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతామని హామీ పత్రం ఇవ్వాలి. అన్నిటికీ మించి స్థానిక పోలీస్ స్టేషన్ విచారణ నివేదిక కావాలి. అంటే, ఏ స్టేషన్లో ఆమె ఫిర్యాదు తీసుకోకుండా ఇంటికి వెళ్లి సర్దుకుపొమ్మన్నారో, ఆ స్టేషనే ఆమెకు ముప్పు ఉందో లేదో తేల్చాలి.

అదీ దాటారనుకుందాం. తుపాకిని ఇంట్లో ఎక్కడ పెడతారు? పిల్లలున్న ఇంట్లో తూటాలు తీసి, తాళం వేసి, తూటాలు వేరేచోట దాచాలి. అలా దాచిన తుపాకి, తలుపు బద్దలైన క్షణంలో చేతికి అందదు. చేతికి అందేలా తూటాలు నింపి దిండు కింద పెడితే, అది పిల్లలకూ అందుతుంది, తాగి వచ్చిన భర్తకూ అందుతుంది. ఏ కంపెనీ తుపాకి కొన్నా ఈ చిక్కు తీరదు.

అసలు చిక్కు ఇంతకన్నా పెద్దది. తుపాకి అమ్మేవాళ్లు చూపించే బొమ్మలో శత్రువు ఎప్పుడూ గుమ్మం బయట ఉంటాడు. మన అనుభవం ఏమిటి? 2022లో దేశంలో స్త్రీలపై నమోదైన 4,45,256 నేరాల్లో అన్నిటికన్నా ఎక్కువ, 31.4 శాతం, భర్త, అతని బంధువుల క్రూరత్వం కిందివే. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. వాడు తలుపు బద్దలు కొట్టనక్కర్లేదు. తాళంచెవి వాడి జేబులోనే ఉంటుంది.

ఎన్నో ఇళ్లలో తుపాకి ఉండే అమెరికాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1989లోనే 'లేడీస్మిత్' పేరుతో ఆడవాళ్ల రివాల్వర్లు అమ్మింది. 1993లో కెల్లర్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనం, తుపాకి ఉన్న ఇంట్లో హత్య జరిగే ప్రమాదం 2.7 రెట్లు ఎక్కువనీ, అది ముఖ్యంగా కుటుంబ సభ్యుల, సన్నిహితుల చేతుల్లో జరిగే హత్యలకు సంబంధించిందనీ తేల్చింది. 2003లో జాక్విలిన్ కాంప్‌బెల్ బృందం 11 నగరాల్లో చేసిన అధ్యయనంలో, హింసించే మగవాడికి తుపాకి అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు 5 రెట్లు పెరిగింది. ఇంట్లోకి వచ్చిన తుపాకి ఆ ఇంట్లో అధికారం ఎవరిదో వారి చేతికే వెళ్తుంది. భూమి పట్టా, బ్యాంకు పుస్తకం, చివరికి తన జీతం కూడా తన చేతిలో ఉండని స్త్రీకి తుపాకి మాత్రం తన చేతిలో ఉంటుందా?

మరి మనం చేయవలసిందేమిటి? ఏ తుపాకి కొనాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, బాధితురాలు మన దగ్గరకు వచ్చిన మొదటి రోజే ఇంకో ప్రశ్న అడగడం నేర్చుకుందాం. "మీ ఇంట్లో ఆయుధం ఏదైనా ఉందా? అది చూపించి ఎప్పుడైనా బెదిరించాడా?" తుపాకి ఒక్కటే కాదు, కత్తి, గొడ్డలి కూడా అడగండి. జవాబును గృహహింస సంఘటన నివేదికలో రాయించండి. 2005 గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నియమాల్లో 10వ నియమం, మేజిస్ట్రేట్ ఆదేశిస్తే రక్షణాధికారి పోలీసుల సాయంతో ఆ ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చని చెబుతోంది. మనం అడిగితేనే ఆ ఆదేశం వస్తుంది. అతనికి లైసెన్సు ఉంటే, ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద దాన్ని సస్పెండ్ చేయాలని, రద్దు చేయాలని లైసెన్సు ఇచ్చిన అధికారికి అర్జీ పెట్టండి. గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద అతన్నే ఇంట్లోంచి పంపించమని కోర్టును కోరవచ్చు. గడప దాటవలసింది ఎప్పుడూ ఆమే కానవసరం లేదు.

ఆ కార్యకర్తకు నా జవాబు ఇది. ఆడవాళ్లు ఎదురు తిరగకూడదని కాదు. కారం చల్లినా, కర్ర పట్టుకున్నా మనం ఆమె పక్కనే నిలబడతాం. కానీ ఆమె అరిచినప్పుడు పక్కింటి తలుపు తెరుచుకోవాలి, స్టేషన్లో ఫిర్యాదు నమోదు కావాలి, ఆ రాత్రి తల దాచుకోవడానికి చోటుండాలి. ఈ మూడూ ఏ దుకాణంలోనూ దొరకవు. మనమే సాధించాలి.