అంతర్జాలమున మన పట్టునేఁత
(వార్షిక మహాసభయందుఁ గావింపఁబడిన యుపన్యాసము)



పెద్దాపురము పట్టుపంచెలకును ఉత్తరీయములకును బేరువడసిన పురమని మేము తమకు విన్నవింపఁ బనిలేదు. అవి కట్టి పెండ్లిపీటలపైఁ గూర్చున్నవా రీ సభలోనే పెక్కండ్రు గలరు. కాని నేఁడు పెండ్లివారు ముందుగా అంగడికి రారు. చేతనున్న ఫోనులో గూగులు నడుగుదురు. ఆ ప్రత్యుత్తరములలో మన మగ్గముల పేరు లేకున్నచో, మరమగ్గముపై నేసిన కృత్రిమపు పట్టును మన యూరిపేరఁ గొనిపోవుదురు. నేఁతగానికిఁ గూలి పోవును. కొన్నవానికి సొమ్ము పోవును. వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులకు వెబ్‌సైటుతో నేమి పని యని కొందఱు నవ్వవచ్చును. విచారించినచో నిది చాలవఱకు శబ్దములకు సంబంధించిన విషయమే.

గూగులును 1998వ సంవత్సరమున అమెరికాలో లారీ పేజి, సెర్గే బ్రిన్ అను నిద్దఱు విద్యార్థులు స్థాపించిరి. దాని యంత్రము లంకెల వెంట నొక పుటనుండి మఱియొక పుటకుఁ బోయి చదివి, అందలి పదములకు సూచిక నొకదానిని గూర్చుకొనును. మనము ప్రశ్నించినపుడు చూచునది యా సూచికనే. అందుఁ జేరని యంగడి లేని యంగడితో సమానము.

మా యెఱిఁగిన యువకుఁ డొకఁడు సొమ్ము వెచ్చించి తన మగ్గములకు వెబ్‌సైటు కట్టించెను. చూడ ముచ్చటగానే యుండెను; వెదకువారి కెవ్వరికిని గనఁబడదాయెను. మేము పరిశీలింపఁగా ధరలు, చిరునామా, తుదకు అంగడిపేరు సయితము బొమ్మలలోని యక్షరములే! అచ్చుకూటమున ‘అను’ ఫాంటులతోఁ గూర్చిన కరపత్రమునే బొమ్మగా నతికించిరి. బొమ్మలోని వ్రాతను యంత్రము చదువునని నమ్ముకొనరాదు. పోనీ, బొమ్మగాఁ గాక ఆ కూర్పునే యథాతథముగాఁ బెట్టుదమన్న, మన కంటికిఁ దెలుగైనది దానికి ఇంగ్లీషు గుర్తుల గందరగోళమగును. యూనికోడు తెలుగులో టైపు చేసిననే చదువును. ప్రతి ఫోటో వెనుకను అది యేమి వస్త్రమో యొక వాక్యము వ్రాయింపవలెను. ఫోటోలు మిక్కిలి పెద్దవైనచో పుట తెఱచుకొనుట యాలస్యమగును; వచ్చినవాఁడు మరలిపోవును.

అమరకోశము చదివినవారి కొక వస్తువునకుఁ బెక్కు పేరులుండుట వింతగాదు. పంచె యనువాఁడొకఁడు, పంచ యనువాఁడొకఁడు, ధోవతి యనువాఁడు వేఱొకఁడు. అమెరికాలోని మన పిల్లలు తెలుగుమాటనే ఇంగ్లీషు అక్షరములలోఁ గొట్టుదురు. ఈ పేరులన్నియుఁ బుటలో సహజముగా నిముడవలెను. అట్లని యొక్క మాటనే నలువదిమార్లు జపించిన గూగులు దానిని మోసముగాఁ బరిగణించును. పుటకు శీర్షికగా ‘హోమ్’ అని వ్రాయుట గ్రంథమునకు ‘పుస్తకము’ అని పేరిడుటయే. ‘పెద్దాపురం చేనేత పట్టుపంచెలు’ అని యుండవలెను.

చిరునామా విషయమున మనకొక ప్రత్యేకపుఁ జిక్కు గలదు. 2022 ఏప్రిలువఱకు మనది తూర్పుగోదావరి జిల్లా. తరువాత కాకినాడ జిల్లా. ఒకచోట నదియు, ఒకచోట నిదియు నుండిన నమ్మకము తగ్గును. అన్నిచోట్ల నొక్కరీతిగా సవరింపుఁడు. గూగులు బిజినెస్ ప్రొఫైలున అంగడిని ఉచితముగా నమోదు చేసికొని, పటములోఁ జోటు, ఫోను, తెఱచువేళలు చూపవచ్చును. మొదటి వెచ్చము వెబ్‌సైటుపైఁ గాక, వెచ్చమేలేని యీ పనిపైఁ జేయుట మేలని మా యభిప్రాయము.

తర్కశాస్త్రమున ఆప్తవాక్యము ప్రమాణము. గూగులును, గౌరవనీయమైన యొకపుట మన పుటకు లంకె నిచ్చిన దానిని సాక్ష్యముగా గణించును. సాక్ష్యములను గొనఁబోకుఁడు, దొరికినచో శిక్ష గలదు. ‘మొదటి స్థానము ఖాయము’ అని ఫోనుచేయువారిని నమ్మకుఁడు. అట్టి హామీ యెవ్వరును ఈయఁజాలరని గూగులు సంస్థయే ప్రకటించియున్నది.

ఈ సంచిక తుదిపుటలలోఁ బోషకుల ప్రకటనలు చూచితిమి. పెక్కింటిలో ఫోను సంఖ్య తప్ప వేఱొండు లేదు. మన సంఘమునకు వెబ్‌సైటున్నచో అందును, లేనిచోఁ గట్టించి యందును, సభ్యుల మగ్గములన్నిటికి నొక్కొక్క లంకె యుంచుటకు కార్యవర్గము తీర్మానింపవలెనని కోరుచున్నాము. యూనికోడులోఁ దెలుగు టైపు చేయుట యెఱుఁగని పిల్లలను మా యింటికిఁ బంపుఁడు. ఆదివారముల నుదయమున నేర్పెదము.