మీ ఛానల్, మీ తాళం



గుంటూరు జిల్లాలో మస్తానమ్మ అనే మామ్మ ఉండేది. చిన్న వయసులోనే భర్త పోయాడు. కూలి చేసి బతికింది. నూరేళ్ళు దాటాక, 2016లో, ఆమె వంట చేస్తుంటే మునిమనవడు వీడియో తీశాడు. ఆరుబయట కట్టెల పొయ్యి. అల్లం చెక్కు గోటితోనే తీసేది. ఆ వీడియోలు యూట్యూబ్‌లో 'కంట్రీ ఫుడ్స్' ఛానల్‌లో వచ్చాయి. పది లక్షల మందికి పైగా ఆ ఛానల్‌లో చేరారు. 2018 డిసెంబరులో మామ్మ కన్నుమూసింది.

తెలంగాణలో గంగవ్వ ఉంది. ఊరు లంబాడిపల్లి. పొలం పనికి వెళ్ళింది. బీడీలు చుట్టింది. 'మై విలేజ్ షో' ఛానల్‌లో తన యాసలోనే మాట్లాడింది. జనం మెచ్చుకున్నారు.

వాళ్ళకు ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు ఛానల్ నడిపారు. అక్షరం నేర్చిన మీరు సొంతంగానే నడుపుకోవచ్చు.

ఏం చూపించాలి?

మీకు వచ్చిన పనే చూపించండి. ఆత్రేయపురం ఆడవాళ్ళు పూతరేకులు చేస్తారు. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద లాగుతారు. క్షణంలో రేకు లేస్తుంది. వాళ్ళకది రోజూ చేసే పని. చూసేవాళ్ళకు వింత! కడియం నర్సరీలో అంటు కట్టడమూ అంతే.

ఎలా తీయాలి?

ఫోన్ కదలకుండా నిలబెట్టండి. వెలుతురు ముఖం మీద పడాలి. ఫ్యాను ఆపండి, మాట బాగా వినపడుతుంది. సినిమా పాట పెట్టకండి. పాట హక్కు వేరేవాళ్ళది.

ఖాతా ఎవరి పేర?

ఛానల్ పెట్టడానికి గూగుల్ ఖాతా కావాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

ఒకామె సంగతి అనుకుందాం. వంట ఆమెది. ఖాతా మరిది పేర ఉంది. బ్యాంకు పుస్తకమూ అతనిదే. అంటే గేదె ఆమెది, పాలు అతనివి! రేపు మాట తేడా వస్తే ఆమె చేతిలో ఏముంటుంది?

అందుకే ఖాతా మీ పేరనే తెరవండి. పాస్‌వర్డ్ మీరే పెట్టండి. అది బీరువా తాళం లాంటిది. ఫోన్‌కు వచ్చే ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పకండి. కొడుకు సాయం చేయవచ్చు. తాళం మాత్రం మీ దగ్గరే ఉండాలి.

డబ్బు ఎప్పుడు వస్తుంది?

వెంటనే రాదు. ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే 1000 మంది చేరాలి. ఏడాదిలో 4000 గంటలు జనం మీ వీడియోలు చూసి ఉండాలి. రాబడి 10 డాలర్లకు చేరాక మీ ఇంటికి పోస్టులో ఉత్తరం వస్తుంది. అందులో రహస్య అంకెలు ఉంటాయి. వాటిని మీరే చదివి ఫోన్‌లో కొట్టాలి. రాబడి 100 డాలర్లు దాటితే బ్యాంకులో పడుతుంది. చాలా ఛానళ్ళు అంతదాకా రావు. కాబట్టి అప్పు చేసి కొత్త ఫోన్ కొనకండి. కూలి పని మానుకోకండి.

ఎవరైనా చెడ్డ మాట రాస్తే బాధపడకండి. దాన్ని తీసేసే అధికారం మీకుంది. బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డు వీడియోలో కనపడనీయకండి.

ఈ పూట పని: మీ ఛానల్‌కు ఒక పేరు ఆలోచించండి. కాగితం మీద మీ చేతితోనే రాయండి. దాని కింద మీ పేరు రాయండి.